నంబరు పడకముందే నమోదు చేద్దాం

రోడ్డు వెడల్పు చేయాలనుకున్నప్పుడు మొదట బలయ్యేది అంచున నిలిచిన మాన్లే. కొలతలు తీస్తారు, మొదలు మీద రంగుతో నంబరు వేస్తారు, కొన్నాళ్లకు రంపం వస్తుంది. ఆ నంబరు పడేదాకా చాలా చెట్లు ఏ కాగితంలోనూ ఉండవు. ముండ్లమూరు నుంచి గిద్దలూరు దాకా మన మెట్ట ప్రాంతపు పాత చింతలకూ మర్రులకూ ఉన్న అసలు ప్రమాదం ఇదే.

చేవెళ్ల మర్రుల సంగతి చూడండి. హైదరాబాద్ శివార్లలో అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు. విస్తరణ తలపెట్టినప్పుడు కొందరు పౌరులు స్వచ్ఛందంగా చెట్టు చెట్టు దగ్గరా ఆగి, స్థానం గుర్తించి, సుమారు 900 మర్రులను నమోదు చేశారు. ఆ లెక్క చేతిలో ఉండబట్టే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో వాదన నిలబడింది. ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచేలా నమూనా మారింది. ఆ రోడ్డు మీద ప్రాణాలు పోతున్న మాటా నిజమే. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొన్న ఘోరం తెలిసిందే. రోడ్డు వద్దని ఎవరూ అనలేరు. చెట్లను మొదటే లెక్కలోకి తీసుకుని ఉంటే ఇన్నేళ్ల జాప్యం జరిగేది కాదన్నదే మా బాధ.

గొడ్డలి ఒక్కటే శత్రువు కాదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి, 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించాల్సి వచ్చింది. మాను చుట్టూ సిమెంటు గట్టు బిగించినా, మొదలు దగ్గర చెత్త తగలబెట్టినా అది ఏళ్ల తరబడి లోలోపల ఎండుతుంది. వానలు తక్కువైన మన మెట్టలో పోయిన చింత నీడ మళ్లీ రావాలంటే రెండు తరాలు ఆగాలి.

బ్రిటన్‌లో వేలమంది ఔత్సాహికులు పాత చెట్లను వెతికి జాబితా కట్టారు. మనకూ దారి ఉంది. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. టేపు, ఫోను ఉన్న కుర్రాళ్లు, టీచర్లు ఛాతీ ఎత్తున చుట్టుకొలత, స్థానం, ఫొటో, పెద్దలు చెప్పే వయసు రాసి ఆ రిజిస్టరుకు ఎక్కించాలి. దాని ప్రతి రోడ్లు, భవనాల శాఖకూ అటవీ శాఖకూ చేరాలి. ఎస్టిమేటు తయారయ్యాక కాదు, దానికి ముందే.