అలర్ట్ వచ్చింది సరే.. చూసేదెవరు?

2025 ఏప్రిల్ 12, శనివారం గుర్తుందా? మధ్యాహ్నానికల్లా దేశమంతా యూపీఐ మొరాయించింది. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం.. ఏది తెరిచినా చక్రం తిరుగుడే తప్ప చాలామందికి పైసలు పోలేదు. ఫ్రెండ్స్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: 'నీక్కూడా పోతలేవా?'

ఏ సర్వీసు ఆగినా మొదటి పది నిమిషాలు ఇలాగే పోతాయి. తప్పు నా ఫోన్‌దా, నెట్‌దా, వాళ్ల సర్వర్‌దా అని తేల్చుకోవడానికే సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ టీముల్లోనూ ఇదే కథ. మన కోడ్ బాగానే ఉంటుంది. దాని వెనకున్న క్లౌడో, పేమెంట్ గేట్‌వేనో, ఓటీపీ పంపే సర్వీసో ఆగిపోతుంది. అది తెలియక అరగంట మన కోడ్‌నే తవ్వుకుంటూ కూర్చుంటాం.

అందుకే ఆ కబురు టీమ్ చాట్‌లోకే వచ్చేలా చేసుకోవాలి. చాలా సర్వీసులకు స్టేటస్ పేజీ ఉంటుంది. ఏది నడుస్తోంది, ఏది ఆగింది అని అందులో పెడతారు. రోజూ దాన్ని తెరిచి చూసే ఓపిక ఎవరికీ ఉండదు కదా! అందులో సబ్‌స్క్రైబ్ బటన్ నొక్కితే మెయిల్‌తో పాటు చాలాచోట్ల స్లాక్ ఆప్షన్ కూడా కనిపిస్తుంది. లేకపోతే ఆ పేజీ ఆర్ఎస్ఎస్ ఫీడ్ లింకుని స్లాక్‌లోని ఆర్ఎస్ఎస్ యాప్‌కి ఇచ్చేయండి. మన సొంత సర్వర్లకైతే గ్రఫానా లాంటి మానిటరింగ్ టూల్‌కి చానెల్ వెబ్‌హుక్ ఇవ్వాలి. వెబ్‌హుక్ అంటే పెద్ద బ్రహ్మపదార్థం కాదు, ఆ చానెల్‌లోకి మెసేజ్ వేసే అడ్రస్. దాన్ని పాస్‌వర్డ్‌లా దాచుకోండి. అది దొరికినవాళ్లు ఎవరైనా మీ చానెల్‌లో మెసేజ్ వేసేయొచ్చు.

ఇదంతా ఎక్కువసేపు పట్టే పని కాదు. అసలు తిప్పలు ఆ తర్వాతే.

అందరూ మ్యూట్ చేసిన చానెల్

మొదటి వారం అందరూ చూస్తారు. తర్వాత డిస్క్ 70 శాతం నిండిందని, సీపీయూ కాసేపు పెరిగి తగ్గిందని, మనం వాడని రీజియన్‌లో ఎక్కడో మెయింటెనెన్స్ అని.. మెసేజ్‌లే మెసేజ్‌లు. నెల తిరిగేసరికి ఒక్కొక్కరే మ్యూట్ కొట్టేస్తారు. ఓ రోజు నిజంగానే ఎర్ర మెసేజ్ పడుతుంది. చానెల్‌లో యాభై మంది ఉంటారు. 'ఎవరో ఒకరు చూస్తారులే' అని యాభై మందీ అనుకుంటారు.

మాది మందమర్రి. బొగ్గుబాయి ఊళ్లలో పెరిగినవాళ్లకి సైరన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. షిఫ్టు టైముకి మోగితే ఎవరూ తల కూడా తిప్పరు. టైము కాని టైములో మోగిందంటే మాత్రం వాడలోని ఇళ్లన్నీ బయటికొస్తాయి. ఏ మోతకి ఏమర్థమో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

బాయి లోపల లెక్క ఇంకా కచ్చితం. గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు తీసెయ్యాలి. ఇది నిబంధన. 'కొంచెం ఎక్కువే ఉంది, చూద్దాంలే' అనడానికి లేదు. ఒక అంకె ఉంది. అది దాటితే ఏం చేయాలో రాసి ఉంది. ఆ షిఫ్టులో ఆ చోటుకి బాధ్యుడైన మైనింగ్ సర్దార్ ఉంటాడు. తను చూసింది పుస్తకంలో రాసి పెడతాడు.

అంకె, పని, మనిషి. మన చాట్‌లో పడే ప్రతి అలర్ట్‌కీ ఈ మూడూ ఉన్నాయా అని ఒకసారి చూస్కోండి. వస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియని అలర్ట్‌ని ఆ చానెల్‌లోంచి తీసెయ్యండి. ఊరికే తెలియడానికి పనికొచ్చేవాటికి ఇంకో చానెల్ పెట్టుకోండి. దాన్ని మ్యూట్ చేసినా నష్టం లేదు.

చాటే ఆగిపోతే?

2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 స్టోరేజీ పడిపోయింది. తమాషా ఏంటంటే, వాళ్ల స్టేటస్ పేజీని మార్చే సిస్టం కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉంది. దాంతో సర్వీసులు ఆగినా ఆ సంగతి పేజీలో చాలాసేపు పెట్టలేకపోయారు. ట్విటర్‌లో చెప్పుకోవాల్సి వచ్చింది. 2021 జనవరి 4న, కొత్త సంవత్సరం సెలవులయ్యి జనం పనిలో కూర్చున్న రోజునే, స్లాకే మొరాయించింది. అదే ఏడాది అక్టోబర్ 4న, మనకు రాత్రి తొమ్మిది దాటాక, ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. బాగు చేయాల్సిన ఇంజినీర్లు వాడే లోపలి టూల్స్ కూడా పనిచేయలేదు. వాట్సాప్ గ్రూపునే అలర్ట్ చానెల్‌గా వాడే టీములు ఈ ఒక్క రాత్రిని గుర్తుపెట్టుకుంటే చాలు.

కాబట్టి పెద్ద సమస్యకి చాట్ ఒక్కటే సరిపోదు. డ్యూటీలో ఉన్నవాళ్లకి ఫోన్ కూడా మోగాలి. ఎవరికి ఫోన్ చేయాలో, ఆ నంబర్లేంటో చాట్ బయట కూడా రాసి ఉండాలి.

అడిగేవాళ్లు ఎక్కువైతే

మళ్లీ ఆ శనివారానికి వద్దాం. తర్వాత ఎన్‌పీసీఐ వెతికితే తేలిందేంటంటే, 'ఆ లావాదేవీ ఏమైంది?' అని అడిగే రిక్వెస్టులని కొన్ని బ్యాంకులు పదేపదే పంపాయి, పాతవాటికి కూడా. ఆ అడుగుడే సిస్టం మీద భారమై కూర్చుంది.

టీమ్ చాట్‌లో కూడా అచ్చం ఇదే జరుగుతుంది. మేనేజర్ అడుగుతారు, సేల్స్ వాళ్లు అడుగుతారు, టెస్టింగ్ వాళ్లు అడుగుతారు. జవాబులు చెప్పేది, బాగు చేసేది ఒక్కరే. అందుకే ముందు చూసినవాళ్లు ఆ మెసేజ్ మీద కళ్ల ఎమోజీ పెట్టాలి, 'నేను చూస్తున్నా' అని. ఆ కిందే నాలుగు ముక్కలు రాయాలి: ఏం ఆగింది, ఎప్పటి నుంచి, ఎవరు చూస్తున్నారు, మళ్లీ అప్‌డేట్ ఎన్నింటికి. ఆ టైముకి కొత్తగా చెప్పడానికేం లేకపోయినా 'ఇంకా చూస్తున్నాం' అనాలి. బాగయ్యాక ఆ మాట కూడా అక్కడే పడాలి. లేకపోతే తర్వాతి డ్యూటీవాళ్లు దాన్నే పట్టుకుని మళ్లీ మొదలుపెడతారు.

ఎంత ఆటోమేషన్ పెట్టినా రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచేది మనిషే. వరసగా మూడు రాత్రులు ఉత్తుత్తి అలర్ట్‌కి లేపితే, నాలుగో రాత్రి నిజంది వచ్చినా చెయ్యి ఆటోమేటిక్‌గా సైలెంట్ బటన్ మీదికే పోతుంది. అందులో వాళ్లని తప్పుపట్టలేం.

సోమవారం స్టాండప్‌లో ఒక్కటి అడగండి: 'ఈ వారం అలర్ట్‌ల డ్యూటీ ఎవరిది?' ఒక పేరు వెంటనే వినిపించకపోతే, చానెల్‌లో బాట్ ఉన్నా అలర్ట్ ఇంకా సెట్ కానట్టే.