ముద్ర లేని పాట

మా తెనాలిలో నన్నెరగనివారు తక్కువ. తెనాలి దాటితే నన్నెరిగినవారు అంతకన్నా తక్కువ. ముప్ఫై అయిదేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి గనక సగం ఊరికి నేను 'మాస్టారు'ని. తక్కిన సగానికి 'పాటల మాస్టారు'ని. నా అసలు పేరుతో పెన్షను ఆఫీసువాళ్లకి తప్ప ఎవరికీ పనిలేదు.

నేను పాటలు రాస్తాను. రాసినవాటికి నేనే వరస కడతాను. కట్టిన వరసలో నేనే పాడతాను. ఈ మూడు పనులూ ఒక్కడే చేస్తే వాణ్ణి మన పెద్దలు వాగ్గేయకారుడన్నారు. అంత పెద్దమాట నాబోటివాడికి తగదంటారా? వీధిచివర హోటల్లో వంటవాడు నలుడూ కాదు, భీముడూ కాదు. అయినా వాణ్ణి వంటవాడనే అంటున్నాం గదా!

పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు 'సంగీత రత్నాకరం' రాస్తూ మమ్మల్ని తరగతులుగా విడదీసి మార్కులు కూడా వేశాడు. పాటలోని మాటకి 'మాతువు' అనీ, వరసకి 'ధాతువు' అనీ పేర్లు. రెండూ చక్కగా కుదిరినవాడు ఉత్తముడు. వరస బాగుండి మాట సన్నగిల్లితే మధ్యముడు. మాట బాగుండి వరస మందమయితే అధముడు. ఇంకొకరి వరస తెచ్చుకుని దానికి మాటలు పొదిగేవాడు 'కుట్టికారుడు'. ఈ సంగతి ఓ సాయంత్రం ఇంట్లో చదివి వినిపిస్తే మా ఆవిడ, "ఆ కుట్టేపనేదో నేర్చుకున్నా నెలకింత కూలి వచ్చేది" అంది. ఆవిడ సంగీత పరిజ్ఞానం ఆ మేరకు ఆచరణలో ఉంటుంది.

మా బతుకు ఎలా సాగుతుందో చెబుతాను. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుళ్లో పాట. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన; ఆ రోజు గొంతున్నవాడూ లేనివాడూ కలిసి పంచరత్నాలు పాడతారు గనక ఎవరి లోపమూ బయటపడదు. మాఘ ఫాల్గుణాల్లో పెళ్లిళ్లు. చైత్రంలో శ్రీరామనవమి పందిళ్లు. తరవాత వినాయకచవితి, దసరా. పందిట్లో మైకు నాకోసం పెట్టింది కాదు. రెండు ప్రకటనల మధ్య దొరికే ఖాళీ నాది. "ఇప్పుడు మన మాస్టారు తమ స్వీయరచన వినిపిస్తారు. గుడిముందు తెల్లకారు పెట్టినవారు వెంటనే తీయవలసింది" అంటారు ఒకే ఊపిరిలో. నేను పల్లవి ఎత్తుకుంటాను. నలుగురు కారు తీయడానికి లేస్తారు. కారు ఒక్కటే, వెళ్లేవాళ్లు నలుగురు ఎందుకో నాకు ఇన్నేళ్లయినా బోధపడలేదు.

ఇక ఆదాయం. తబలా ఆయనకి ఇవ్వవలసింది ఇచ్చి, ఆటోఖర్చు పోగా నాకు మిగిలేది శాలువా. మా బీరువాలో శాలువాలు ఇరవై ఆరున్నాయి. తెనాలిలో శాలువా కప్పుకోవలసినంత చలి ఏడాదికి పది రోజులుంటే ఎక్కువ. జీతం ఇంటికీ, పిల్లల చదువులకీ సరిపోయేది. హార్మోనియం బెల్లోస్ చిరిగినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒక కొనుగోలు వచ్చేనెలకి వాయిదా పడేది. ఆ వాయిదాల లెక్క మా ఆవిడ దగ్గర ఉంది. నేను అడగలేదు, ఆవిడ చూపించలేదు.

మావాళ్లందరికీ అప్పట్లో పెద్దబడి విజయవాడ రేడియో కేంద్రం. అది 1948 డిసెంబరు 1న మొదలయింది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు తాము రాసి, వరస కట్టి, పాడి, ఆ తోవ ఎలాంటిదో చూపించారు. ఆయన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'నకు 1961లో సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది. ఆ పుస్తకం చదివాకనే నాకు ఈ జబ్బు ముదిరిందని మా నాన్నగారి అభిప్రాయం. 1984లో నేను లలితసంగీతం ఆడిషనుకు వెళ్లి 'బి' గ్రేడులో ప్యాసయ్యాను. ఆ పైన 'బి-హై', 'ఏ', 'టాప్' అని మెట్లున్నాయి. నేను మొదటి మెట్టుమీదే చాప పరిచాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు కాంట్రాక్టు కాగితం పోస్టులో వచ్చేది. పాసింజరెక్కి, కృష్ణ దాటి, పాడి, చీకటిపడేసరికి ఇంటికి వచ్చేవాణ్ణి. ప్రసారమయ్యే రోజున మా వీధిలో రేడియోలన్నీ ఒకే గొంతుతో పలికేవి. "రచన, సంగీతం, గానం" అని నా పేరు ఒక్కసారే చదివేవారు. ఆ పదిహేను నిమిషాలే నా కీర్తికి శిఖరం.

ఇప్పుడసలు కథకి వస్తాను.

1987లో మా పక్కింట్లో పెళ్లయింది. పెళ్లికూతురికి తల్లి లేదు. ముందురోజు రాత్రి తండ్రి వచ్చి, "మాస్టారూ, రేపు అమ్మాయిని అప్పగించేటప్పుడు పాట పాడటానికి మా ఇంట్లో ఆడదిక్కు లేదు. మీరేమన్నా..." అని ఆగిపోయాడు. ఆ రాత్రి ఆనందభైరవి ఛాయలో ఒక పాట కట్టాను. వాళ్ల పెరట్లో జామచెట్టుంది. ఆ పిల్ల చిన్నతనమంతా దానిమీదే గడిచింది. ఆ చెట్టుని పాటలో పెట్టాను. తెల్లవారేసరికి మా ఆవిడ నేర్చుకుంది, వీధిలో మరో నలుగురికి నేర్పింది. అప్పగింతలవేళ అయిదుగురూ పాడుతుంటే ఆ తండ్రి స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాడు. నేను రేడియోలో పాడిన పాటలన్నీ ఒక ఎత్తు, నేను పాడని ఆ పాట ఒక ఎత్తు.

2019లో రేపల్లె వైపు ఒక పల్లెటూళ్లో పెళ్లికి వెళ్లాం. అప్పగింతలప్పుడు ఎవరో ఆడవాళ్లు పాట అందుకున్నారు. నా పాటే! జామచెట్టు పోయి మామిడిచెట్టయింది. వాళ్ల పెరట్లో మామిడి ఉంది కాబోలు. ఒక చరణం ఎగిరిపోయింది. నాకు తెలియని చరణం ఒకటి వచ్చి చేరింది. పాట బాగుందని పాడినావిడతో అంటే, "మా అమ్మమ్మగారి నాటినుంచీ వస్తోందండీ" అన్నది. ఆవిడ అమ్మమ్మగారి వయసూ, నా పాట వయసూ మనసులో లెక్కవేసుకుని నోరు మూసుకున్నాను. మా ఆవిడ చెప్పబోయింది. నేను కళ్లతో వద్దన్నాను.

తిరుగు బస్సులో ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఏమండీ, మీకు అక్కర్లేకపోవచ్చు. మీ పాటలకి ఇన్నేళ్లు కాఫీలు కాచినదాన్ని నేను. ఆ పాటని మొదట వీధికి నేర్పినదాన్నీ నేనే. ఆ ఒక్కమాట చెప్పనిస్తే నాకూ కాస్త తృప్తిగా ఉండేది" అంది. పేరు అక్కర్లేదనుకోవడం గొప్పే కావచ్చు. కాని పేరులో భార్యకీ వాటా ఉంటుంది. వద్దనేవాడు ఇద్దరి తరఫునా వద్దంటున్నాడు. ఈ సంగతి వేదాంతులు రాయలేదు.

పేరు పోవడంలో అన్ని తరహాలూ ఒకటి కావు, చూడండి. పల్లెటూరి ఇల్లాలు నా పాటని తన అమ్మమ్మ పాట అనుకుంటే అది నాకు శాలువాకన్నా వెచ్చన. క్యాసెట్ల రోజుల్లో ఒక కంపెనీవారు నా మంగళహారతి ఒకటి పాడించి అమ్ముకున్నారు. పెట్టెమీద రచయిత అన్నచోట 'సంప్రదాయం' అని అచ్చువేశారు. బతికుండగానే సంప్రదాయంలో కలిసిపోయినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో! ఉత్తరం రాస్తే జవాబు లేదు. ఇలాంటివాళ్లు మన ఇళ్లల్లో ఇంకా ఉండవచ్చు గనక ఒకమాట చెబుతాను. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం పాట పుట్టినప్పుడే దానిమీద హక్కూ పుడుతుంది. రిజిస్టరు చేయించి తీరాలని లేదు. రచయిత జీవితకాలమూ, ఆపైన అరవై ఏళ్లూ ఆ హక్కు నిలుస్తుంది. రాసింది నేనని చెప్పుకునే హక్కు, పాటని ఇంకొకరికి రాసిచ్చేసినా పోదు. చట్టం ఇంత చల్లనిదే. కోర్టు దాకా వెళ్లే బస్సు చార్జీయే మన దగ్గర ఉండదు.

పూర్వులు ఈ చిక్కు తప్పించుకోవడానికి చివరి చరణంలో ముద్ర వేశారు. అన్నమయ్య వేంకటేశుణ్ణి తలిచాడు. క్షేత్రయ్య మువ్వగోపాలుణ్ణి పెట్టాడు. దీక్షితులు గురుగుహుడన్నారు. త్యాగయ్య నేరుగా తన పేరే చెప్పుకున్నాడు. "మీరూ వెయ్యవచ్చుగా తాతగారూ?" అంటుంది నా శిష్యురాలు. హారతిలో అయితే వెయ్యవచ్చు. తల్లిలేని పిల్లని పంపే తండ్రి కన్నీళ్లలో నా పేరెక్కడ ఇరికించను?

అయినా ముద్ర ఉన్నంత మాత్రాన పాట మిగులుతుందా? అన్నమయ్య కాలం 1408 నుంచి 1503 అంటారు. ఆయన కీర్తనలు వేలకొద్దీ రాగిరేకులమీదికెక్కి తిరుమలకొండమీద భద్రంగా ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో వాటిని బయటికి తీసి పండితులు పరిష్కరించారు. మాట ఉంది, ముద్ర ఉంది, పైన రాగం పేరు కూడా ఉంది. ఆయన పాడిన వరస మాత్రం రేకుమీద లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారివంటి మహానుభావులు వాటికి మళ్లీ స్వరాలు కూర్చబట్టి ఈనాడు మనం పాడుకుంటున్నాం. త్యాగయ్యకి రాగిరేకులు లేవు. వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యులు నోటితో మోసుకొచ్చారు. అందుకే మాటా, వరసా రెండూ దిగాయి. దిగడంలో మార్పులూ వచ్చాయి. ఒకే కృతిని ఒక్కొక్క పరంపర ఒక్కొక్క పాఠాంతరంలో పాడుతుంది. రాగి మాటని కాస్తుంది. వరసని కాసేది మాత్రం ఇంకో గొంతే.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నా గొంతు దిగిపోతోంది. రెండు శ్రుతిలో పాడేవాణ్ణి ఒకటికి వచ్చాను. వయసుతో స్వరతంతువులు పలచబడతాయనీ, పాట తగ్గించమనీ డాక్టరుగారు చెప్పారు. నా దగ్గర రెండువందల పైచిలుకు పాటలున్నాయి, నాలుగు పొడుగు నోటుపుస్తకాల్లో. మాటలున్నాయి. వరసలు నా తలలో ఉన్నాయి. రాగిరేకుల్లేని అన్నమాచార్యుణ్ణి నేను!

మనవడు సెల్‌ఫోనులో కొన్ని రికార్డు చేసి ఇంటర్నెట్లో పెట్టాడు. ఒకదాన్ని నూట పన్నెండుసార్లు విన్నారట. అందులో పాతిక దాకా మా ఆవిడవే. మంచిదే, ఫోనుకి మతిమరుపు లేదు. కాని ఫోను పెళ్లింట్లో మామిడిచెట్టు చూసి పాట మార్చుకోలేదు.

అంచేత వీధిచివర ఇస్త్రీబండి ఆయన కూతురికి చెబుతున్నాను. ఇంటర్ చదువుతోంది. రోజూ సాయంత్రం ఒక గంట. మొన్న అప్పగింతల పాట పాడుతూ రెండో చరణంలో నేను కింద ఆపేచోట ఒక సంగతి పైకి తీసుకుపోయింది. నేను హార్మోనియం ఆపాను. "తప్పా తాతగారూ?" అంది. మళ్లీ పాడమన్నాను. లోపల్నుంచి మా ఆవిడ కాఫీగ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ పిల్ల తీసిన సంగతిలో, చెయ్యి విడిచి వెళ్లే పిల్ల ఒకసారి వెనక్కి చూసినట్టుంది. నాకు తోచనిది దానికి తోచింది. "అలాగే ఉంచు" అన్నాను.

ఇప్పుడు నోటుపుస్తకాలు మళ్లీ రాస్తున్నాం. ప్రతి పాటకీ పైన స్వరం, రాగం, ఏ సంవత్సరంలో ఎవరింట్లో ఏ సందర్భానికి పుట్టిందో ఆ వివరం. అప్పగింతల పాట దగ్గర నేను నా పేరు రాసి, దానికింద 'మొదట పాడి నేర్పినది' అని మా ఆవిడ పేరు రాశాను. ఆ కింద 'రెండవ చరణం సంగతి' అని ఆ పిల్ల పేరు. పుస్తకం మా ఆవిడకి చూపించాను. కళ్లజోడు సవరించుకుని చదివి, "నా పేరులో దీర్ఘం పోయింది" అంది. దిద్దాను.

మీ ఇళ్లల్లోనూ పాటలుంటాయి. మీ మేనత్తో, పెద్దమ్మో పాడే హారతులూ, లాలిపాటలూ అన్నీ తరతరాలవే కాకపోవచ్చు. ఒకటి రెండు ఆవిడే కట్టి ఉంటుంది. ఎవరూ అడగలేదు గనక చెప్పి ఉండదు. ఈసారి పండక్కి ఆవిడ మీ ఇంటికి వచ్చినప్పుడు, "అత్తయ్యా, ఇది ఎవరు కట్టారు?" అని అడగండి. నేర్చుకుని ఒకసారి ఆవిడ ఎదుట పాడి వినిపించండి. కొంచెం తప్పినా ఫరవాలేదు.