హెరాల్డ్‌ను అరుగెక్కించకండి



పోయిన నెల కార్యవర్గ సమావేశంలో చదివిన తీర్మానం సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మన సంఘం మొదలైన రోజుల్లో కోశాధికారిగా ఉన్న పెద్దాయన వాడిన స్టాండర్డ్ హెరాల్డ్ కారును వారి పిల్లలు సంఘానికి ఇస్తామన్నారు. చాలా సంతోషం. హాలు ముందు సిమెంటు అరుగు కట్టి, కారును దానిమీద పెట్టి, చక్రాలు కదలకుండా బిగించి, పైన రేకుల షెడ్డు వేసి, పక్కన పెద్దాయన పేరుతో రాయి నాటాలని కార్యవర్గం ఆలోచన. దాత దొరికారు, ఖర్చు అంచనా కూడా వేశారు. చేతులెత్తమన్నప్పుడు మేము ఎత్తలేదు. ఎందుకని తర్వాత ముగ్గురు నలుగురు అడిగారు. పదిమందిలో లేచి మాట్లాడడం మాకు రాదు, రాస్తే కాస్త నయం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం. మాకూ ఒక హెరాల్డ్ ఉండేది. కారు ఇద్దరిదీ, కాబట్టి ఈ మాటా ఇద్దరిదీ. అన్న పోయి 11 ఏళ్ళయింది. అయినా ఆ కారు గురించి ఒక్కడిగా రాయడం చేతకావడం లేదు.

ఇప్పటి పిల్లలకు అదేం కారో తెలియదు. ఇంగ్లండులో కోవెంట్రీ అనే ఊళ్ళో స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీ 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో దాన్ని బయటికి తెచ్చింది. రూపం గీసినవాడు మికెలోట్టి అనే ఇటలీ ఆయన. 1960ల మొదట్లోనే మన మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు దాన్ని స్టాండర్డ్ హెరాల్డ్ అని చెయ్యడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో దేశంలో దొరికే కార్లే మూడు. అంబాసిడర్ కలకత్తా వైపుది, ఫియట్ బొంబాయిది, హెరాల్డ్ మనది. ఫ్యాక్టరీ పెరుంగళత్తూరు, వండలూరు వైపు, జి.ఎస్.టి. రోడ్డు మీద. మాకు రైల్వేలో ఉద్యోగం వచ్చేనాటికి హెరాల్డ్ తయారీ ఆగిపోయింది కానీ ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. అక్కడి కార్మికులు తాంబరంలో మా కౌంటర్ ముందు సీజన్ టికెట్లకు నిలబడేవాళ్ళు. 1985లో స్టాండర్డ్ 2000 అని పెద్ద కారు తీశారు, అది నిలబడలేదు. 1988కల్లా కార్లు చెయ్యడమే ఆగిపోయింది. ఇప్పుడు ఆ స్థలంలో అద్దాల ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు.

మేము కొన్నది 1987లో. 1970 మోడల్, నాలుగు తలుపుల మార్క్ త్రీ. ఇంగ్లండు హెరాల్డ్‌కు రెండే తలుపులు. నాలుగు తలుపులది 1968లో మనవాళ్ళు చేసుకున్నది, ఆ దేశంలో ఎప్పుడూ రాలేదు. కుటుంబాలు పెద్దవి కదా మనకు! ధర 18,000. సగం మేము పి.ఎఫ్. లోను పెట్టి తెచ్చాం, సగం అన్న పల్లావరంలో లేత్ పట్టరలో సంపాదించింది. అప్పటికే అందరూ మారుతీ 800 వెనక పడ్డారు. పాత హెరాల్డ్ కొన్నామంటే మామయ్య నవ్వాడు, "రెండు నెలల్లో కాయలాంకడకు పోతుంది రా" అని.

పోలేదు. 11 ఏళ్ళు నడిచింది.

ఆ కారు బానెట్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. మిగతా కార్లకు బానెట్ అంటే ఒక రేకు మూత. హెరాల్డ్‌కు అలా కాదు. రెండు మడ్‌గార్డులూ హెడ్‌లైట్లూ కలుపుకుని మొత్తం ముక్కే ముందుకు వాలుతుంది. పక్కకొకటి చొప్పున రెండు కొక్కాలు విప్పి ఎత్తితే చాలు, ఇంజనూ స్టీరింగూ ముందు చక్రాల సరంజామా అంతా అరిటాకులో వడ్డించినట్టు కనబడేది. అన్న ముందు టైరు మీద కూర్చునే ప్లగ్గులు తీసి గరుకు కాగితంతో రుద్దేవాడు. మేము పక్కన టార్చిలైటు పట్టుకునేవాళ్ళం. బానెట్ ఎత్తడం ఆలస్యం, సగం వీధి చుట్టూ చేరేది. ఎదురింటి అయ్యర్ మామ సలహా, పాలవాడి సలహా, స్కూలు పిల్లల సలహా. 948 సి.సి. ఇంజన్, నాలుగే సిలిండర్లు. అందులో ఏది ఎక్కడుందో మా వదినకు కూడా తెలుసు. ఒకసారి అన్న ఊళ్ళో లేనప్పుడు డిస్ట్రిబ్యూటర్ మూత తీసి తడి తుడిచి స్టార్ట్ చేసింది ఆమే.

బాడీ కూడా ఒకే ముక్క కాదు, వేరువేరు ముక్కలు ఛాసిస్ మీద బోల్టులతో బిగించినది. దానికి కారణం ఉంది. అక్కడ బాడీలు చేసి ఇచ్చే ఫిషర్ అండ్ లడ్లో అనే కంపెనీని 1953లో పోటీదారైన బి.ఎం.సి. కొనేసింది. మొత్తం బాడీ ఒకచోట చేయించుకునే దారి లేక, చిన్న చిన్న ముక్కలుగా చేయించి బోల్టులు బిగించే పద్ధతి పట్టారు. ఓడలో విడిభాగాలు పంపి మనలాంటి దేశాల్లో బిగించుకోవడానికి అది ఎంతో వీలైంది. కష్టం మాత్రం మాకు వచ్చింది. కార్తీక మాసం వానలు మొదలైతే ప్రతి అతుకు దగ్గరా నీళ్ళు కారేవి. అమ్మ వెనక సీట్లో కూర్చుని ఒళ్ళో ప్లాస్టిక్ షీటు పరుచుకునేది.

తిరగడంలో దానికి సాటి లేదు. 25 అడుగుల వలయంలో చుట్టేస్తుంది. మా సందులో అంబాసిడర్ వాళ్ళు ముందుకూ వెనక్కూ మూడుసార్లు తంటాలు పడే మలుపులో మాది ఒక్క తిప్పుకే తిరిగేది. తిప్పుతున్నప్పుడు అన్న అటూ ఇటూ చూసేవాడు, ఎవరైనా చూశారా లేదా అని.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. వెనక ఐదుగురు ఎక్కితే చక్రాలు పైన లోపలికీ కింద బయటికీ చాచుకుని, అప్పుడే పుట్టిన దూడలాగా నిలబడేది. వెనక రెండు చక్రాలకూ కలిపి అడ్డంగా ఒకటే కమాను పట్టా. 1972లో వచ్చిన గెజెల్‌లో ఆ ఏర్పాటు తీసేసి మామూలు ఇరుసు వేశారు. మెకానిక్కులకు సుఖమైంది కానీ మాకైతే హెరాల్డే ముద్దు.

ఒకసారి ఏడుగురం తిరుపతి వెళ్ళాం. ఊత్తుక్కోట దాటి నాగలాపురం వైపు వస్తే బోర్డులన్నీ తెలుగులోకి మారిపోయాయి. అన్నా మేమూ తమిళంలో చదువుకున్నవాళ్ళం, అప్పటికి తెలుగులో ఒక్క అక్షరం రాదు. ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే, బోర్డు చూస్తే గుడ్డివాళ్ళం. ముందు సీట్లో అమ్మ కూడబలుక్కుంటూ ఒక్కొక్క బోర్డూ చదివి దారి చెప్పింది. "పుత్తూరు ఎడమకు" అంటే ఎడమకు తిప్పాం. కొండ ఎక్కేటప్పుడు రెండుచోట్ల ఇంజన్ కాగితే ఆపి, చల్లారాక నీళ్ళు పోశాం. పైకి చేరాక అమ్మ స్వామికన్నా ముందు బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్ళకు, 50 దాటాక, మన సంఘం సాయంత్రం తరగతిలో మేము అక్షరాలు నేర్చుకున్నాం. ఈ రాస్తున్నది ఆ చదువే. తప్పులుంటే మన్నించండి.

ఇక అసలు విషయం. ఆ కారు ఎలా పోయిందో చెప్పాలి. యాక్సిడెంటులో పోలేదు, ముసలిదై పోలేదు. నిలబెట్టి చంపాం.

1998లో మాకు విళుప్పురం బదిలీ అయింది. అన్న పట్టర పనికి వ్యాను కొన్నాడు. హెరాల్డ్‌ను ఇంటి వెనక బాదం చెట్టు కింద పెట్టి, పైన టార్పాలిన్ కప్పాం. వచ్చే నెల తీద్దాం, దీపావళికి తీద్దాం అనుకుంటూ మూడేళ్ళు. ముందు బ్యాటరీ పోయింది. ట్యాంకులో పెట్రోలు జిగురై కార్బురేటర్ పట్టేసింది. బ్రేకు ఆయిలు చెమ్మ పీల్చి చక్రాల దగ్గర సిలిండర్లు బిగుసుకుపోయాయి. టైర్లు నేలకు ఆనినచోట చదునైపోయాయి. ఎలుకలు వైర్లు కొరికాయి. చివరికి డ్రైవర్ కాలికింద నేల రేకు తుప్పుతో రాలి గడ్డి కనిపించింది. టార్పాలిన్ కప్పాం కదా అనుకున్నాం. ఆ టార్పాలినే చెమ్మను లోపల పట్టి ఉంచింది. 2001లో తూకానికి అమ్మితే 4,500 వచ్చింది. క్రేను వచ్చిన రోజు అన్న ఇంట్లోంచి బయటికి రాలేదు. తర్వాత పుదుప్పేటలో పాత సామాన్ల వీధికి పోయినప్పుడల్లా మా తలుపో, మా దీపమో కనబడుతుందేమోనని ఇద్దరం చూసేవాళ్ళం. ఒకరికొకరు చెప్పుకోలేదు.

ఇప్పుడు కార్యవర్గం చెయ్యబోయేది అదే పని, కాకపోతే పూలదండ వేసి, రాయి నాటి. సముద్రం గాలి తగిలే ఊరు మనది. రేకుల షెడ్డు ఎండకు కాగుతుంది, వానకు జల్లు కొడుతుంది. హాలులో పెళ్ళి జరిగితే వంటవాళ్ళు గుండిగలు దేనికి ఆనిస్తారు? ఆ కారుకే. పందిరి వేసేవాడు తాడు దేనికి కడతాడు? దాని బంపరుకే. మూడో ఏడు ఎవరో ఒకరు "ఇది అసహ్యంగా ఉంది, తీసేద్దాం" అని తీర్మానం పెడతారు. అప్పుడు మేము ఉంటామో లేదో.

హెరాల్డ్ ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అని ఒక భాగం ఉంది. దానికి గ్రీజు కాదు, చిక్కటి గేర్ ఆయిలే పట్టించాలి, అదీ తరచుగా. పట్టించకపోతే లోపలి మర అరిగి ఒకరోజు విరుగుతుంది. మాకు తెలిసిన ఒకాయన బండి క్రోంపేటలో నడిరోడ్డు మీద ముందు చక్రం పక్కకు వాలి మోకాలి మీద కూలబడింది. అదృష్టం, నెమ్మదిగా పోతోంది. అంటే ఆ కారు నెలనెలా ఎవరో ఒకరు ముట్టుకుని చూసుకోవాల్సిన వస్తువు. నడిచే కారైతే ఆ మనిషి ఉంటాడు, అరుగెక్కిన కారును ఎవరు ముట్టుకుంటారు?

కాబట్టి మా మాట ఇది. అరుగుకు పెట్టే డబ్బు కారును నడిపించడానికి పెట్టండి. మొదట ఆర్.సి. పుస్తకం పెద్దాయన పిల్లల దగ్గర ఉందో లేదో కనుక్కోవాలి. ఉంటే దారులు రెండు. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. ఫీజు 20,000, పదేళ్ళకు చెల్లుతుంది. కానీ అలా చేస్తే ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. రెండోది, మామూలు పాత కారులాగే రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడం. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది, 20 ఏళ్ళు దాటిన వాటికి తర్వాత దానికి రెట్టింపు చేశారు. పైన గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్సు. ఖర్చే, కాదనం. బండిని పరీక్షలో నెగ్గించాలి కూడా. అయినా మాకు రెండోదే ఇష్టం. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఎథనాల్ ఉంది, పాత రబ్బరు గొట్టాలు దానికి ఆగవు, ముందే మార్చాలి. పెళ్ళిళ్ళకు అద్దెకిద్దాం, ఖర్చు రాబట్టుకుందాం అని ఎవరో అన్నారు. వద్దు, సొంత వాడకం బండికి బాడుగ తీసుకోవడం చట్టం ఒప్పదు. ఊరికే తిప్పుదాం. ఉగాదికి హాలుకు రాలేని ముసలివాళ్ళను ఇంటి దగ్గర ఎక్కించుకుని తెద్దాం. మన కుర్రవాళ్ళలో ఇద్దరికి బానెట్ ఎత్తడం నేర్పుదాం.

గౌరవం తగ్గుతుందని కార్యదర్శి గారి బాధ. మా వయసువారే, మంచివారే, వారి మీద మాకు కోపం లేదు. కానీ ఈ తీర్మానం రాసేముందు ఎవరూ అడగని మనిషి ఒకరున్నారు, పెద్దాయన భార్య. ఆమెకు 84. పోయిన మంగళవారం మేమూ వదినా వెళ్ళి పలకరించాం. అరుగు సంగతి చెప్పాం, రాతి మీద పేరు సంగతీ చెప్పాం. అంతా విని ఆమె ఒక్కటే అడిగింది, "అది స్టార్ట్ అవుతుందా నాయనా?" అని.

అన్న పానాల పెట్టె మా అటక మీద ఉంది. హెరాల్డ్ బోల్టులు అంగుళం కొలతలవి, ఇప్పటి మిల్లీమీటరు పానాలు పట్టవు. పెట్టెలో ఆ సెట్టు మొత్తం అలాగే ఉంది, ఒక్కటి తక్కువ, అది క్రేనుతో పాటు పోయింది. రాబోయే ఆదివారం పది గంటలకు పెద్దాయన ఇంటి దగ్గర ఉంటాం. ఎవరైనా మంచి బ్యాటరీ ఒకటి తెస్తే చాలు.