మెడలోని గొట్టమునకు మడి



మూత్రపిండములు చెడి, వారమునకు రెండు మూఁడు మాఱులు డయాలిసిస్ కొఱకుఁ గోడుమూరునుండి కర్నూలునకుఁ బోవువారు మనలోఁ గలరు. చేతి రక్తనాళములను గలిపి చేయు ఫిస్టులా సిద్ధమగువఱకు, వీరిలోఁ గొందఱి మెడకుఁ గాథెటరను మెత్తని గొట్టము నమర్తురు. దాని లోపలి కొన గుండె చెంతకుఁ బోవును. కావున వెలుపల నంటిన సూక్ష్మజీవి నేరుగా రక్తమునఁ జేరఁగలదు. యంత్రముకడ నాలుగు గంటలు నర్సులు చూచుకొందురు. తక్కిన కాలమంతయుఁ జూడవలసినవారము మనమే.

మడి యనఁగా నంటకుండుటయే కదా! ఈ గొట్టమునకును మే మదియే చెప్పుచున్నాము. సబ్బుతోఁ జేతులు కడుగక దాని దరిఁ జేరరాదు. మూతలు విప్పుట నర్సు పని. అప్పుడు రోగియు మాస్కు ధరింపవలెను. కత్తెర, క్షురము దగ్గఱకుఁ దేరాదు.

కట్టు తడియరాదు. నడుము క్రిందికి మాత్రమే నీళ్లు పోసి, పై యొడలు తడిగుడ్డతోఁ దుడువవలెను. మన సీమ యెండలకుఁ జెమటతోఁ గట్టు నానినచో డయాలిసిస్ కేంద్రమున మార్పింపవలెను. అత్తగారు ప్రేమతోఁ బసుపు తెచ్చినను, వైద్యులు వలదనిరని వినయముగాఁ జెప్పుఁడు. నూనె, విభూతి, పౌడరు నట్లే కూడవు.

చలితో వణఁకు జ్వరము వచ్చినను, గొట్టముచుట్టు నెఱుపెక్కినను, చీము పట్టినను, కషాయము కాచుచుఁ దెల్లవాఱువఱకు వేచియుండరాదు. ఆ రాత్రియే యాసుపత్రికిఁ గొనిపోవలెను. రక్తమునఁ జేరిన విషము ప్రాణములఁ దీయును. గొట్టము జాఱి వెలికి వచ్చినచో, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నదిమిపట్టి వెంటనే బయలుదేఱవలెను.

మందిచ్చుట వైద్యుని వంతు. ఈ మడి నిలుపుట మన వంతు.