తాకి చెప్పే బట్ట

కళ్ళు మూసుకుని, రెండు అగ్గిపుల్లలను పక్కపక్కనే మీ వేలికొనకు ఆనించమని స్నేహితుణ్ణి అడగండి. మధ్య 2, 3 మిల్లీమీటర్ల ఎడమున్నా రెండని తెలుస్తుంది. వీపు మీదనైతే సుమారు 4 సెంటీమీటర్లు ఉంటేగాని తెలియదు! చూపులేనివారికి కంపనాలతో దారి చెప్పే దుస్తులు తయారుచేయాలంటే ఇలాంటి లెక్కలు తప్పవు. బుల్లి మోటార్లను మరీ దగ్గరగా కుడితే ఏది అదిరిందో తెలియదు మరి.

1969లో అమెరికాలో పాల్ బాక్-ఇ-రీటా ఒక కుర్చీ వీపుకు 400 కంపన పుల్లలు అమర్చి, కెమెరాకు కనిపించినదాన్ని అంధుల వీపుమీద "గీయించాడు". కెమెరాను వారే తిప్పుకున్నప్పుడు వస్తువులను గుర్తుపట్టగలిగారు. 2014లో సికింద్రాబాదులోని డ్యూసెర్ సంస్థ "లేచల్" పాదరక్షలను ప్రకటించింది. ఎటు తిరగాలో ఆ కాలి చెప్పు అదురుతుంది. చక్కని ఆలోచనే.

అయితే, తరిగొప్పులలో ఒక విద్యార్థినికి ఇలాంటి చొక్కా దొరికిందనుకుందాం. నాలుగు ఉతుకులకు తీగ తెగింది. తీగల పటం కంపెనీ బీరువాలో ఉంటే ఊళ్ళోని దర్జీ ఏం చేయగలడు? సెల్‌ఫోన్ మెకానిక్ మాత్రం ఏం చేయగలడు?

ఖర్చుపెట్టినవారు లాభం ఆశించకూడదా అంటారేమో. చొక్కా అమ్ముకోనివ్వండి! పరిశోధనను మాత్రం దాచకూడదంటాను. 1824లో పదిహేనేళ్ళ లూయీ బ్రెయిలీ, బార్బియే పన్నెండు చుక్కల లిపిని ఆరు చుక్కలకు కుదించాడు. బార్బియే తన లిపిని దాచుకొని ఉంటే? నేడు తెలుగు అక్షరాలు కూడా ఆ ఆరు చుక్కల్లోనే ఇమిడాయి. కొలతలూ, తీగల పటాలూ, పనిచేయక పారేసిన నమూనాల సంగతులూ అచ్చుకావాలి. తెలుగులోనూ, బ్రెయిలీలోనూ.