నిర్మానుష్యమా... ప్రశాంతమా?

ఒకే దారికి మనం రెండు పేర్లు పెట్టుకున్నాం. మగవాడు పొద్దున్నే సైకిలు మీద అలా వెళ్ళొచ్చి "అబ్బ, ఎంత ప్రశాంతంగా వుందో!" అంటాడు. అదే దారిన ఆడపిల్ల వెళతానంటే "అమ్మో, నిర్మానుష్యంగా వుంటుంది, వద్దు" అంటాం. దారి మారలేదు. చెట్లు మారలేదు. కాలవలో నీళ్ళూ మారలేదు. తొక్కేది ఎవరన్నదాన్ని బట్టి పేరు మారిపోయింది!

విదేశాల్లో వాహనాల రొద లేని పల్లెదారులు వెతుక్కుని మరీ, కొండలూ లోయలూ దాటుకుంటూ సైకిళ్ళ మీద తిరుగుతారు. మనకీ అరకు ఘాట్ రోడ్డు లాంటివి వున్నాయి. తెనాలి, రేపల్లె, బాపట్ల వాళ్ళకి కొండలెక్కడివి? మంగళగిరి దాటి ఇటొస్తే కనుచూపు మేర పొలాలే. మాకు ఎత్తంటే కాలవగట్టు, మహా అయితే రైలు పట్టాల మీద వంతెన.

కానీ సైకిలుకి ఇంతకంటే అనువైన నేల ఇంకోటి వుంటుందా? కృష్ణ మీద బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కణ్ణుంచి బయల్దేరిన పడమటి కాలవ దుగ్గిరాల లాకుల దగ్గర చీలి, మా తెనాలి మీదుగా డెల్టా అంతా పరుచుకుంది. ఒకప్పుడు ఈ కాలవల్లో పడవలు నడిచేవి. పడవ లాగేవాళ్ళు తాడు భుజాన వేసుకుని గట్టు వెంట నడిచేవారు. అంటే ఈ గట్లు మొదట్నుంచీ మనుషులు నడవటానికి పుట్టిన దారులే. లారీలూ కార్లూ తర్వాత వచ్చిన చుట్టాలు.

తెనాలి నుంచి రేపల్లె ముప్పై అయిదు కిలోమీటర్ల లోపే. వేమూరు, భట్టిప్రోలు మీదుగా పోవచ్చు. భట్టిప్రోలులో ఆగితే బౌద్ధస్తూపం చూడొచ్చు. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు అక్షరాలు చెక్కిన ధాతుపేటికలు దొరికింది అక్కడే. రేపల్లె నుంచి పెనుమూడి వైపు వెళితే కృష్ణ కరకట్ట, దాని అవతల లంకపొలాలు, అరటితోటలు. బాపట్ల నుంచి సూర్యలంక సముద్రం తొమ్మిది కిలోమీటర్లు. సెలవురోజు మధ్యాహ్నం కార్లతో కిక్కిరిసిపోయే ఆ రోడ్డు, మామూలు రోజు తెల్లవారుజామున మన చేతి గాజుల చప్పుడు మనకి వినిపించేంత నెమ్మదిగా వుంటుంది. రేపల్లె నుంచి బాపట్లకి మటుకు 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకోకండి. లోపలి ఊళ్ళ మీదుగా పొండి. నాలుగు కిలోమీటర్లు ఎక్కువైతే కానివ్వండి, ప్రాణం తీపి కదా!

కొండలు లేవన్నాను గానీ, మాకూ ఒక కొండ వుంది. అది గాలి! మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి మొదలవుతుంది. దానికి ఎదురు తొక్కితే ఘాట్ రోడ్డు ఎక్కినట్టే వుంటుంది. అందుకే సముద్రం వైపు వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళి, సాయంత్రం ఆ గాలి వీపున తోస్తుంటే హాయిగా ఇంటికి రావాలి. ఈ కిటుకు పుస్తకాలు చదివి నేర్చుకున్నది కాదు. వేమూరు దగ్గర పల్లెలో గంటకి రెండు రూపాయల అద్దె సైకిలు తీసుకుని, బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కిన రోజుల్లో నా కాళ్ళే నేర్చుకున్నాయి.

సరే, దారులున్నాయి. మరి వాటి మీద ఆడవాళ్ళేరీ?

మా ఇంట్లో పనికి సాయం చేసే ఆవిడది తెనాలికి ఆరు కిలోమీటర్ల దూరంలో కాలవ పక్కనున్న పల్లె. కూతురు పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. తల్లి చీటీ పాడి ఆ డబ్బుతో సైకిలు కొనిచ్చింది. పిల్ల కాలేజీలో చేరిన నెల్లాళ్ళకే ఆ సైకిలు వసారాలో గోడకి ఆనింది. "ఏం జరిగింది?" అని అడిగాను. "ఏం జరగలేదమ్మా. జరక్కముందే మానిపించాం" అందావిడ. ఇప్పుడా పిల్ల ఆటో వస్తే కాలేజీకి వెళుతుంది, రాకపోతే లేదు. ఇలాగైతే చదువు మానిపించి సంబంధాలు చూద్దామంటున్నాడట తండ్రి. ఆ తల్లిని తప్పుపట్టే నోరు నాకు లేదు. రోజూ పేపరు చదివే ఏ తల్లికైనా ఆ భయం వుంటుంది. కానీ ఒక్కటి ఆలోచించండి. సైకిలు గోడకి ఆనించినందువల్ల ఆ దారి బాగుపడిందా? ఒక ఆడపిల్ల తగ్గి, మర్నాడు అది ఇంకాస్త నిర్మానుష్యమైంది. రేపు వెళ్ళబోయే ఇంకో పిల్లకి ఇంకాస్త భయం పెరిగింది. అంతేగా?

బస్సు ఉచితమైంది కదా, ఇంకా సైకిలెందుకు అనొచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. చాలా మంచిపని. కానీ బస్సు పెద్దరోడ్డు దాకానే వస్తుంది. కాలవగట్టు దిగి మన వాకిట్లోకి రాదు. ఆ మధ్యనున్న మూడు నాలుగు కిలోమీటర్ల దగ్గరే మన ఆడపిల్లల చదువులు ఆగిపోతున్నాయి.

ఇది నా ఊహ కాదు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చే పథకం పెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాలు లెక్కగట్టారు. హైస్కూలు చదువులో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగింది. ఆ పెరుగుదల ఎక్కువగా కనిపించింది హైస్కూలు మూడు కిలోమీటర్లకి మించి దూరమున్న ఊళ్ళలోనే! పిల్లలంతా గుంపులుగా వెళ్ళేసరికి భయపెట్టే దారి కాస్తా వాళ్ళ బడిదారి అయింది.

అంతకు ముందే, 1990ల మొదట్లో, తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు ఆడవాళ్ళకి సైకిలు కూడా నేర్పారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. లక్షమందికి పైగా పల్లెటూరి ఆడవాళ్ళు సైకిలెక్కారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. లేడీస్ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారట. పైగా బారు వుంటే బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని అవే నయమన్నారట! పనికొచ్చే వస్తువు చేతికొస్తే ఆడదానికి దాన్ని వాడుకోవటం ఒకరు నేర్పాలా?

ఇంకో దేశం సంగతి చెప్పాలి. నెదర్లాండ్స్ మన డెల్టా లాగే పల్లపు నేల. కాలవలు, గట్లు, ఎదురుగాలి అన్నీ మనవే అనిపిస్తాయి. అక్కడ సైకిలు తొక్కటంలో ఆడవాళ్ళు మగవాళ్ళకి ఏమాత్రం తీసిపోరు. "వాళ్ళ అదృష్టం" అనుకోకండి. 1971 ఒక్క ఏడాదిలోనే ఆ చిన్న దేశంలో 400 మందికి పైగా పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో పోయారు. తల్లులూ తండ్రులూ పిల్లల్ని వెంటబెట్టుకుని "పిల్లల హత్యలు ఆపండి" అంటూ వీధుల్లోకొచ్చారు. ప్రభుత్వం సైకిళ్ళకి వేరే దారులు వేయడం వెనక వాళ్ళ పోరాటం వుంది. పిల్లల్ని ఇంట్లో దాచుకోకుండా, దారి బాగుచెయ్యమని అడిగారు వాళ్ళు. మనకీ వాళ్ళకీ తేడా అక్కడే వుంది.

మనమూ అడుగుదాం. కోట్లు అక్కర్లేదు. గట్టు మీదికి వంగిన కంపచెట్లు కొట్టించాలి. విరిగిన వంతెనలకి పిట్టగోడలు కట్టించాలి. లాకుల దగ్గర, మలుపుల దగ్గర దీపాలు వెలగాలి. కాలేజీ విడిచే వేళకి పోలీసులు ఒకసారి అటు తిరిగి రావాలి. గ్రామసభ అంటే మగవాళ్ళ వ్యవహారమని కూర్చోకుండా, వెళ్ళి ఈ నాలుగు ముక్కలూ చెబుదాం.

అడగటంతోపాటు మనం చెయ్యాల్సిందీ ఒకటుంది. పెళ్ళయినప్పుడు పుట్టింట్లో వదిలేసి రావలసిన వాటిలో నా సైకిలు కూడా చేరింది. "కాపురానికొచ్చిన పిల్లకి సైకిలేమిటి?" అన్నారు పెద్దలు. రెండేళ్ళ క్రితం మళ్ళీ కొనుక్కున్నాను. మా వీధిలో నలుగురం కలిసి ఆదివారం పొద్దున్నే కాలవగట్టు మీద వెళుతున్నాం. మొదటివారం పొలాల్లో వాళ్ళు పని ఆపి మరీ చూశారు. ఒకరిద్దరు నవ్వారు. నెల తిరిగేసరికి మినుము చేలో వున్న పెద్దాయన ఒకరు "ఇవాళ ఆలస్యమైందేమ్మా?" అని పలకరించారు. ఆ మాటకి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. మన కోసం ఎదురుచూసే మనిషి ఒకరున్న దారి నిర్మానుష్యం ఎలా అవుతుంది?

ఇంట్లో అభ్యంతరాలు చాలానే వస్తాయి. చీర చక్రంలో పడుతుందంటారు. చుడీదార్ వేసుకోండి, చెయిన్ కవరున్న సైకిలు కొనుక్కోండి. ఈ వయసులో ఏమిటంటారు. మోకాళ్ళ నొప్పులొచ్చి డాక్టరు చెప్పేదాకా ఆగి తొక్కితే మటుకు ఎవరూ కాదనరు కదా! నలుగురూ ఏమనుకుంటారంటారు. ఆ నలుగురిలో ముగ్గుర్ని మీతోపాటు రమ్మనండి.

ఆడపిల్లల్ని ఒంటరిగా పంపమని నేను అనటంలేదు. ఒక ఊరి పిల్లలు అయిదారుగురు ఒకే వేళకి కలిసి బయల్దేరేలా తల్లులం మాట్లాడుకోవచ్చు. మొదటి వారం రోజులు మనలో ఒకరం వాళ్ళ వెంట వెళ్ళొచ్చు. పని చేసే ఆవిడకి ఇదే చెప్పాను. వాళ్ళ ఊళ్ళో కాలేజీకి వెళ్ళాల్సిన పిల్లలు ఇంకా ముగ్గురున్నారట. కనుక్కుని చెబుతానంది. ఆ సైకిలుకి టైర్లలో గాలి పోయింది గానీ మిగతాదంతా బాగానే వుందట.

మీ ఇంటి వసారాలోనూ అలాంటి సైకిలు ఒకటి వుందేమో చూడండి. గాలి కొట్టించటానికి ఎంతసేపు పడుతుంది?