మాక్ టెస్టు మార్కు మన మెరిట్‌కు కొలత కాదు

నీట్ దగ్గరపడే కొద్దీ మాక్ టెస్టు మార్కుల జాబితాలు హాస్టల్ గోడకెక్కుతాయి. 300 దగ్గర ఆగిపోయిన మన పిల్లల చెవిన 'నీకు కోటా ఉందిగా' అనే మాట పడుతుంది. ఆ మాట వెనక ఉన్నదేమిటో మనం చూడాలి.

2017 నుంచి తెలుగు రాష్ట్రాల్లో ఎంబీబీఎస్ సీట్లకు ఎంసెట్ పోయి నీట్ వచ్చింది. డబ్బున్న ఇళ్ల పిల్లలు లాంగ్‌టర్మ్ కోచింగ్‌తో రెండోసారి, మూడోసారి రాస్తారు. కూలి డబ్బుతో నడిచే ఇంట్లో ఒక్క ఏడాది ఆగడమే భారం. ఈ తేడాకే మెరిట్ అని పేరు పెట్టారు.

అలాగని లెక్కను వదిలేయలేం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 పర్సంటైల్ అర్హత మాత్రమే ఇస్తుంది. సర్కారు సీటు రావాలంటే అంతకు చాలా పైన ఉండాలి. మాక్‌లో ఒక తప్పు దిద్దుకుంటే 5 మార్కులు పెరుగుతాయి: కొత్తగా వచ్చేవి 4, కోత పడకుండా మిగిలేది 1. అలా 20 తప్పులు దిద్దుకుంటే 100 మార్కులు. అందుకే కొత్త టెస్టు రాసే ముందు పాత పేపర్ ముందేసుకోవాలి. తెలియక పోయినవి, తొందరలో పోయినవి, టైం చాలక వదిలేసినవి విడివిడిగా రాసుకోవాలి. 720లో 360 బయాలజీవే కాబట్టి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని అక్షరం వదలకుండా చదవాలి.

ఈ పని పిల్లల మీదే వదిలేస్తే కుదరదు. మెడికల్ కాలేజీల్లో ఉన్న మన అన్నలు, అక్కలు వారానికో సాయంత్రం హాస్టల్‌కు వచ్చి పేపర్ విప్పి కూర్చోవాలి. గురుకులాల్లో ఉచిత నీట్ శిక్షణ సీట్లు పెంచాలని విద్యార్థి సంఘాలు ప్రభుత్వాలను నిలదీయాలి.